వాలిన అక్షరము – నిలిచిన అర్థము

నందికొండ యొద్ద కృష్ణ నదిగా కనబడదు, సాగరమై కనబడును. నల్లగొండ జిల్లా దక్షిణపు అంచున, రాతిగుట్టల నడుమ, 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట ఆ నదికి ఈ రూపమిచ్చినది. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. ఆనకట్టను చూడబోవు విద్యార్థులు సాధారణముగా ఇరువదియారు తలుపులను లెక్కించి, నీటిమట్టమును అడిగి తెలిసికొని, ఫోటోలు దిగి తిరిగి వత్తురు. ఆ చోటనే శ్రద్ధతో చూడదగిన వింత మరియొకటి కలదు. అది అక్షరము.

ఆ లోయలో మూడు కాలముల వ్రాతలు కలిసినవి. మొదటిది క్రీ. శ. 3వ శతాబ్దపు శిల్పి ఉలివ్రాత. రెండవది ఆనకట్టల వంటి నిర్మాణములకు పటములు గీయు డ్రాఫ్ట్స్‌మన్ కలమువ్రాత. మూడవది నేడు బడిలోను, బస్సుమీదను, దుకాణపు బోర్డుమీదను, సెల్‌ఫోను తెరమీదను కనబడు కంప్యూటరు వ్రాత. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ప్రశ్న ఒకటి పుట్టును. గుండ్రనైన తెలుగు అక్షరమును లావు చేయవచ్చునా? లావు చేసి, ఇంగ్లీషు ఇటాలిక్ అక్షరమువలె ప్రక్కకు వాల్చవచ్చునా? వాల్చినపుడు అక్షరముతోపాటు అర్థము కూడ ఒరిగిపోదా? ఇది ముద్రాపకుల ముచ్చట మాత్రమే కాదు. ప్రశ్నపత్రమును తయారుచేయు ఉపాధ్యాయునికి, దానిని చదువు విద్యార్థికి కూడ సంబంధించినది.

రాతిలోని రేఖ

నాగార్జునకొండ లోయలో విజయపురి ఇక్ష్వాకు రాజుల రాజధాని. 1926లో అచటి శిథిలములు వెలుగులోనికి వచ్చినవి. తరువాత లాంగ్‌హర్స్ట్, టి. ఎన్. రామచంద్రన్‌లు త్రవ్వకములు సాగించిరి. జలాశయము నిండునన్న తొందరలో, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున లోయ అంతయు పరిశోధింపబడినది. నీట మునుగవలసిన కట్టడములు కొన్ని కొండమీదికి తరలినవి. ఆ కొండయే నేడు ద్వీపము. దానిపై మ్యూజియము కలదు.

అచటి మహాచైత్యపు ఆయక స్తంభములపై శాసనములున్నవి. వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరమున, అతని మేనత్తయైన చాంతిసిరి నిలిపిన స్తంభములవి. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. అయితే ఇది అశోకుని కాలపు నిరాడంబరమైన బ్రాహ్మి కాదు. ఇందు నిలువుగీతలు పొడవుగా సాగి, కొనయందు వంపు తిరుగును. క, ర వంటి అక్షరముల కాళ్లు క్రిందికి దిగి మెలిక వేసికొనును. ఇకారపు గుర్తు పైకి లేచి తీగవలె వంగును. సున్నపురాతి మెత్తదనము ఉలికి ఆ స్వేచ్ఛనిచ్చినది. శిల్పి ఇచట అందముకొరకు అక్షరమును సాగదీసెను. కాని ఒక అక్షరము మరియొకటిగా మారునట్లు ఎన్నడును సాగదీయలేదు. అలంకారము అక్షరపు కొనలయందే ఆగినది. గుర్తింపునకు ఆధారమైన మూలరేఖ చెక్కుచెదరలేదు. ఈ ఒక్క సూత్రమును జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన చర్చ అంతయు సులభమగును.

ఆ బ్రాహ్మి క్రమముగా మారుచు, తెలుగు కన్నడములకు ఉమ్మడియైన లిపియై, ఆపై రెండుగా చీలినది. తాటియాకుమీద గంటముతో వ్రాయుట మన అక్షరముల గుండ్రదనమునకు ముఖ్య కారణమని పెద్దలు చెప్పుదురు. ఆకులోని ఈనెల వెంబడి అడ్డగీత గీచినచో ఆకు చీలును. గుండ్రముగా త్రిప్పినచో నిలుచును. ఏది ఏమైనను, మొనలు కోణములు లేని వలయములే తెలుగు అక్షరపు దేహమైనవి. ఆ దేహముపై తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వము వంటి గుర్తులు. దేహము క్రింద ఒత్తులు. ఒక తెలుగు అక్షరము మూడంతస్తుల మేడ అని చెప్పవచ్చును.

ఇంజనీరు కలము

ఇక రెండవ వ్రాతను చూతము. ఆనకట్ట, వంతెన, కాలువ ఏదైనను ముందు కాగితముమీద పుట్టును. పటముమీది కొలత ఒకటి తప్పుగా చదివినచో రాయి తప్పుచోట పడును. అందుచేత ఇంజనీరింగు పటములపై వ్రాయు అక్షరమునకు పాఠశాలలలోనే ప్రత్యేక శిక్షణ నిత్తురు. దానిలో నిలువు అక్షరము, వాలు అక్షరము అని రెండు తరగతులు. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము వాలు అక్షరము అడుగుగీతతో 75 డిగ్రీల కోణము చేయవలెను. అనగా నిలువునుండి 15 డిగ్రీలు కుడివైపు ఒరుగవలెను. గీత మందము అక్షరపు ఎత్తులో 14వ వంతుగాని, 10వ వంతుగాని ఉండవలెను. గొట్టపు పాళీతో గీచిన గీతకు మొదటినుండి చివరివరకు ఒకే మందము. కొనలు సహజముగానే గుండ్రన. ఆ గీతకు అలంకారపు కాళ్లు లేవు, సన్నము లావు అను భేదము లేదు.

ఇదే రూపమును లావుచేసి, అచ్చు అక్షరముగా మలచినచో ముద్రణవారు 'లావు, గుండ్రని కొనల, వాలు సాన్స్‌సెరిఫ్' అని పిలుచు అక్షరము సిద్ధించును. సెరిఫ్ అనగా రోమను అక్షరముల గీతల చివర కనబడు చిన్న పాదము. అది లేనిది సాన్స్‌సెరిఫ్. 1816లో లండనులో విలియం కాస్లన్ వంశీయుడగు నాలుగవ కాస్లన్ తన నమూనా పుస్తకమున పాదములు లేని పెద్దక్షరములను మొదట అచ్చుకెక్కించెను. వాలు అక్షరము అంతకు మూడు శతాబ్దముల పెద్ద. 1501లో వెనిస్ నగరమున ఆల్డస్ మనూషియస్ లాటిన్ కవి వర్జిల్ కావ్యములను చిన్న పుస్తకముగా వాలు అక్షరములతో అచ్చువేసెను. ఆ అచ్చులను చెక్కినవాడు ఫ్రాన్సెస్కో గ్రిఫో. ఇటలీలో పుట్టినది గనుక ఇటాలిక్ అయినది. నాటి పుస్తకములో చిన్నక్షరములు మాత్రమే వాలినవి. పెద్దక్షరములు నిటారుగనే నిలిచినవి. ఒక మాటను ఒత్తి చెప్పుటకు నిలువు అక్షరముల నడుమ వాలు అక్షరమును వాడు ఆచారము తరువాత వచ్చినది.

గమనింపవలసినది ఇది: ఆల్డస్ వాలు నిలువు అక్షరమును ప్రక్కకు త్రోయగా వచ్చినది కాదు. అది వేగముగా వ్రాయు పండితుల చేతివ్రాత. చేయి నడచిన తీరు ఆ అక్షరముననున్నది. త్రోసి వాల్చుట వేరు, వ్రాసి వాలుట వేరు.

తెలుగు అచ్చు నడచిన దారి

తెలుగు అక్షరము మొదట సీసమున పోతపోసినది తెలుగునాట కాదు. జర్మనీలోని హాలె నగరమున. బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుని పూనికతో 1746లో అచట తెలుగు పుస్తకము అచ్చయినది. 1814లో శ్రీరాంపూరున విలియం కేరీ తెలుగు వ్యాకరణము, 1816లో మద్రాసున కాంప్‌బెల్ వ్యాకరణము వెలువడినవి. నల్లగొండలో 1922న 'నీలగిరి పత్రిక' పుట్టినది. పాలమూరు సీమలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుండి 'గోలకొండ పత్రిక'ను ఆరంభించిరి. తెలంగాణములో కవులు లేరన్న మాటకు బదులుగా 1934లో ఆయన వెలువరించిన 'గోలకొండ కవుల సంచిక' 354 మంది కవులను లోకమునకు చూపినది. ఆ పుటలను పేర్చినవారు ఒక్కొక్క అచ్చును, ఒక్కొక్క ఒత్తును చేతితో ఏరి కూర్చిన కంపోజిటర్లు.

ఆ కంపోజిటర్ల గళ్లపెట్టెలలో తెలుగునకు వాలు అక్షరము సాధారణముగా ఉండెడిది కాదు. మాటను ఒత్తి చెప్పవలసినపుడు దానిని పెద్ద అచ్చులోనో, లావు అచ్చులోనో, కొటేషను గుర్తుల నడుమనో పెట్టెడివారు. లేదా క్రింద గీత గీచెడివారు. వాలు తెలుగు అక్షరము నిజముగా వర్ధిల్లినది అచ్చుకూటమున కాదు, గోడమీద. సినిమా పోస్టరు వ్రాయు చిత్రకారుడు, దుకాణపు బోర్డు వ్రాయు పెయింటరు కుంచెతో అక్షరమును వాల్చి, లావుచేసి, కొనలు గుండ్రముగా త్రిప్పి వ్రాసిరి. వారి అక్షరము వాలినను తడబడదు. ఏలయనగా ఒత్తు ఎచట పెట్టవలెనో, తలకట్టు ఎంత లేపవలెనో ప్రతిమాటకును కన్నే నిర్ణయించినది.

రామభద్రునికి వచ్చిన చిక్కు

ఇప్పటి కంప్యూటరు యుగమున తెలుగునకు అనేక ఫాంట్లు లభించినవి. సిలికానాంధ్ర సంస్థ ఉచితముగా అందించినవానిలో 'సురవరం' అను పేరుగలది ఒకటి. వార్తాపత్రికల పాఠమునకై రూపొందినది. అదే వరుసలో 'రామభద్ర' అను మరియొక ఫాంటు కలదు. 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల దీనిని రూపొందించిరి. అష్టదిగ్గజములలో ఒకనిగా ప్రసిద్ధుడైన అయ్యలరాజు రామభద్రుని పేరు దీనికి పెట్టినారు. శీర్షికలకును పోస్టర్లకును ఉద్దేశించిన ఈ అక్షరమున గీత అంతటను ఒకే మందము, ఆకారము గుండ్రన, కొనలును గుండ్రన. ఇంజనీరు కలమునకు, తాటియాకు గంటమునకు పుట్టిన బిడ్డవలె నుండును. ఇది ఒకే రూపములో వెలువడినది. ప్రత్యేకముగా గీచిన వాలు రూపము దీనికి లేదు.

ఐనను కంప్యూటరుమీద వాలు మీట నొక్కినచో రామభద్రుడును వాలును. అది ఎవరును గీచిన వాలు కాదు. యంత్రము త్రోసిన వాలు. ఆ త్రోపులో ఏమి జరుగునో తరగతిగదిలో గళ్లకాగితముపై లెక్కకట్టి చూడవచ్చును.

యంత్రము అడుగుగీతను కదలింపదు. గీతకు పైనున్నదానిని కుడికి, క్రిందనున్నదానిని ఎడమకు జరుపును. వాలు 15 డిగ్రీలైనపుడు 10 మిల్లీమీటర్ల ఎత్తుననున్న తలకట్టు 2.7 మిల్లీమీటర్లు కుడికి జరుగును. 5 మిల్లీమీటర్ల లోతుననున్న ఒత్తు 1.3 మిల్లీమీటర్లు ఎడమకు జరుగును. రెండింటి నడుమ 4 మిల్లీమీటర్ల ఎడబాటు. ఇంగ్లీషు అక్షరములలో గీతక్రిందికి దిగునవి కొద్ది. తెలుగులో 'రాష్ట్రము', 'శాస్త్రము' వంటి మాటలలో ఒత్తుమీద ఒత్తు దిగును. అక్షరము ముందుకు పోవుచుండగా దాని ఒత్తు వెనుకటి అక్షరము క్రిందికి చేరబోవును. చదువరి కన్ను ఒక క్షణము ఆగి, ఈ ఒత్తు ఎవరిదని విచారింపవలసి వచ్చును.

రెండవ చిక్కు వలయములది. గుండ్రని కడియమును ప్రక్కకు త్రోసినచో అది ఏటవాలు కోడిగ్రుడ్డగును. అదే 15 డిగ్రీల త్రోపులో కడియపు మందము ఒక మూలన ఏడింట ఒక వంతు పెరిగి, మరియొక మూలన ఎనిమిదింట ఒక వంతు తగ్గును. ఒకే మందమను గుణమే పోయినది. నిలువుగీతలు ఎక్కువగా నున్న లిపిలో ఈ లోపము అంతగా కనబడదు. వలయములే దేహమైన తెలుగులో ప్రతి అక్షరమునను కనబడును.

మూడవది తలకట్టు. కొందరు దీనిని రోమను సెరిఫ్‌తో పోల్చుదురు. అది సరికాదు. సెరిఫ్ తీసివేసినను అక్షరము మారదు. తలకట్టు అక్షరపు ఉచ్చారణలో భాగము: 'క'లోనుండి 'కి'లో తొలగును, జ, ట, ణ, బ, ల వంటివానికి అసలే లేదు. పైగా అది పుట్టుకతోనే కుడికి వాలిన గీత. 45 డిగ్రీలలో లేచిన గీతను యంత్రము త్రోసినచో అది 38 డిగ్రీలకు దిగి, పొడవై, తరువాతి అక్షరపు నెత్తిమీదికి చాచును.

చుక్క మూసికొనిపోయిన వేళ

ఇంతవరకు అందచందముల మాట. ఇక అర్థపు మాట.

'అర్థము' అనగా భావము. 'అర్ధము' అనగా సగము. పలుకుటలోనే పిల్లలు ఈ రెండింటిని కలిపివేయుదురని ఉపాధ్యాయులు వాపోవుచుందురు. వ్రాతలో వాని భేదమంతయు ఒత్తు కడుపులోని ఒక్క చుక్క. 'పదము'నకు 'పథము'నకు నడుమ ఆ చుక్కయు, క్రిందిగీతయు. 'పాఠము'లో చుక్క చెరిగినచో 'పారము'. ప, వ లకు భేదము నెత్తిన తెరచియుంచిన సందు. అది మూసికొన్నచో పేరు వేరగును.

ఇప్పుడు లావు మీట నొక్కి చూడవలెను. అక్షరపు కడుపు వెడల్పు 2 మిల్లీమీటర్లు, నడుమ చుక్క వెడల్పు 0.8 మిల్లీమీటరు అనుకొందము. చుక్కకు ఇరువైపుల మిగిలిన సందు చెరి 0.6 మిల్లీమీటరు. యంత్రము ప్రతి అంచును 0.3 మిల్లీమీటరు లావు చేసినచో, గోడ లోపలికి 0.3, చుక్క బయటికి 0.3. సందు సున్న. చుక్క గోడలో కలిసిపోయినది. ఒత్తులోని కడుపు అంతకంటె చిన్నది గనుక అది ఇంకను ముందే మూసికొనును. దానిపై చౌకకాగితము, ఒలికిన సిరా, నకళ్లమీద నకళ్లు తోడైనచో చెప్పవలసినదేమున్నది? 'అర్థము వ్రాయుము' అను ప్రశ్నలో ఏ అర్థమున్నదో విద్యార్థి ఊహింపవలసి వచ్చును. పెద్దలు సందర్భమునుబట్టి సరిచేసికొందురు. కొత్తగా చదువు నేర్చుచున్న బిడ్డకు ఆ సందర్భమే ఇంకను తెలియదు; వానికి అక్షరమే ఆధారము. చూపు మందగించిన వృద్ధునికిని అంతే. లోతునీటియొద్ద నాటిన హెచ్చరిక బోర్డును పరుగున పోవుచు చదువు యాత్రికునికిని అంతే.

ఎట్లు గీయవలెను, ఎచట వాడవలెను

కావున తెలుగు అక్షరము వాలరాదా? వాలవచ్చును. గోడమీది పెయింటరు దానిని ఎప్పుడో నిరూపించెను. అయితే యంత్రము త్రోపునకు బదులు మనిషి కన్ను పనిచేయవలెను. మొదట వాలును తగ్గింపవలెను. 8 డిగ్రీల వాలులో 10 మిల్లీమీటర్ల ఎత్తున జరుగుబాటు 1.4 మిల్లీమీటర్లు మాత్రమే. చలనము కనబడును, చిక్కు తగ్గును. ఒత్తులను దేహముతోపాటు త్రోయక, వేరుగా పట్టి వాని వాని అక్షరముల క్రిందనే నిలుపవలెను. వలయముల మందమును మరల సరిదిద్దవలెను. లావు పెంచునపుడు గీతను వెలుపలికి పెంచి, కడుపును కాపాడవలెను. అందుకు అక్షరమును కొంత వెడల్పు చేసినను తప్పులేదు. గీతలు కలియు చోట్ల కొంచెము సన్నము చేసినచో సిరా గడ్డకట్టదు. థ, ఠ ల చుక్కను అక్షరముతోపాటు లావుచేయక, చుట్టును వెలుతురు మిగులునట్లు ఉంచవలెను. ఇవన్నియు చేసినపుడే అది వాలు అక్షరము. లేనిచో పడిపోయిన అక్షరము.

వాడుకకును హద్దులున్నవి. పిల్లల పత్రిక పేరు, ఆటలపోటీ ప్రకటన, క్రీడాకారుల చొక్కాలు, సబ్బుకట్ట, బిస్కట్టు పొట్లము, నాటకపు పోస్టరు — ఇవి దాని రాజ్యము. అచట మాటలు రెండు మూడు; అక్షరములు పెద్దవి; ఉత్సాహము ముఖ్యము. గుండ్రని కొనలు స్నేహమును, లావు గట్టిదనమును, వాలు వేగమును స్ఫురింపజేయును. పాఠ్యపుస్తకపు పేరాకు, ప్రశ్నపత్రమునకు, మందుసీసా చీటీకి, ప్రమాద హెచ్చరికకు అది తగదు. అచట నిటారైన, మధ్యస్థమైన అక్షరమే నమ్మకమైన మిత్రుడు. ఒక మాటను ఒత్తి చెప్పవలెనన్నచో పాత కంపోజిటరు పద్ధతి ఇప్పటికిని పనికివచ్చును.

పాఠశాలలలో దీనినొక చిన్న అభ్యాసముగా చేయవచ్చును. 'అర్థము, అర్ధము, పదము, పథము, పాఠము, రాష్ట్రము' అను ఆరు మాటలను ఒకే ఫాంటులో మామూలుగా ఒకసారి, లావుగా ఒకసారి, లావు వాలు కలిపి ఒకసారి అచ్చుతీసి గోడకు అంటింపవలెను. పదడుగుల దూరమున నిలిచి ఒక్కొక్క విద్యార్థి చదువవలెను. ఎవరు ఎచట తడబడిరో వ్రాసికొనవలెను. ఒక గంటలో లిపిశాస్త్రము, జ్యామితి, భాష — మూడును కలిసిన పాఠమగును. ఏ అక్షరము ఏ చోట తన గుర్తును దాచుకొన్నదో పిల్లలకు అప్పుడు తెలియును. వారి చేతివ్రాత కూడ దానితో బాగుపడును.

నందికొండకు పోవు బడిపిల్లలు ఆనకట్ట చూచిన పిమ్మట లాంచీ ఎక్కి ద్వీపమునకు పోయినచో, మ్యూజియములోని శాసనపు రాళ్లయెదుట కొంచెముసేపు నిలువవలెను. పదునేడు వందల ఏండ్లు గడచినవి. ఆ రాళ్లు నిలిచిన నగరము నీటిలోనికి పోయినది. ఆ లిపి వాడుకనుండి పోయినది. ఐనను తెలిసినవాడు నేటికిని చాంతిసిరి పేరును తడబడక చదువగలడు. శిల్పి ఉలి ఎన్ని మెలికలు తిరిగినను, ఏ గీత కదలరాదో అతనికి తెలియును. ఉలికి బదులు మీట చేతికి వచ్చినవారు అతనినుండి నేర్చుకొనవలసినది అంతయే.